ఎట్టప్పన్ అను మాట: ప్రేక్షకులు పాత్రలకిచ్చు తీర్పు

నాటకము ముగిసి తెర వ్రాలిన పిమ్మట మరియొక నాటకము ఆరంభమగును. అది రంగస్థలము మీద గాక చూచినవారి నోళ్లలో జరుగును. ఇంటికి నడచిపోవుచును, మరునాడు బడిలో కలిసికొన్నపుడును, టీ అంగడి ముందు నిలుచుండియు జనులు పాత్రలను గూర్చి తీర్పులు చెప్పుకొందురు. ఒకనిని మెచ్చుకొందురు, ఒకనిని తిట్టుదురు. ఆ తిట్టు కొన్ని వేళల అంతటితో పోక, ఊరి భాషలో ఒక మాటయై నిలిచిపోవును. అట్టి మాట యొకటి మన కోవిల్పట్టి, విరుదునగరము ప్రాంతములందు గలదు. దానిని గూర్చియే యీ పాఠము.

స్వాతంత్ర్య దినోత్సవపు సెలవునాడు మన విద్యార్థులు పలువురు టెలివిజనులో ‘వీరపాండియ కట్టబొమ్మన్’ చిత్రమును చూచిరి. మరునాడు తరగతిలో ఎక్కడ విన్నను అదే ప్రసంగము. ఒకడు కొలబద్దను కత్తిగా చేసికొని, జాక్సను దొర యెదుట కట్టబొమ్మన్ పలుకు మాటలను తప్పు లేకుండ అప్పగించెను. అంతవరకు మేమును సంతోషించితిమి. మధ్యాహ్న విరామమున ఒక చిన్న తగవు వచ్చినది. తాను ఇంటిలెక్కలు చూచి వ్రాసిన సంగతి ఉపాధ్యాయునకు చెప్పెనన్న కోపముతో ఒక బాలుడు తోడి బాలుని “ఒరే ఎట్టప్పా!” అని పిలిచెను. అట్లు పిలువబడిన బాలుని ఊరు ఎట్టయాపురమే. అతడు తిరిగి యేమియు అనలేదు. అన్నపు డబ్బా మూతయైన తీయక సాయంకాలము వరకు కూర్చుండెను.

ఆ సాయంకాలము మేము తరగతిని ఒక ప్రశ్న యడిగితిమి: “ఎట్టప్పన్ అనగా ఎవరు?” చేతులన్నియు లేచెను. అందరి జవాబును ఒకటే: “ద్రోహి.” “అట్లు కాదు. ఆయన ఏ ఊరివాడు? ఏ సంవత్సరమున ఏమి చేసెను? అది మీకెట్లు తెలిసెను?” అని యడుగగా లేచిన చేతులన్నియు దిగెను. ఒక బాలిక మాత్రము లేచి, “సినిమాలో చూచితిమండి” అనెను. ఆమె సత్యమే చెప్పినది. మనలో పెద్దలకును ఈ విషయమున తెలిసినది అంతకంటె ఎక్కువ కాదు. కనుక పిల్లలును తలిదండ్రులును కలిసి చదువుకొనుటకై దీనిని వ్రాయుచున్నాము.

1. చిత్రమును, నటులును

‘వీరపాండియ కట్టబొమ్మన్’ మొదట రంగస్థల నాటకము. శక్తి టి. కె. కృష్ణస్వామి రచింపగా, శివాజీ గణేశన్ తన నాటక మండలితో 1957లో సేలమున దానిని మొదటిసారి ఆడెను. నాటకము పలుమార్లు ప్రదర్శింపబడిన పిమ్మట, బి. ఆర్. పంతులు దర్శకత్వమున 1959 మే నెలలో వర్ణచిత్రముగా వెలువడెను. కట్టబొమ్మన్‌గా శివాజీ గణేశన్, జక్కమ్మగా ఎస్. వరలక్ష్మి, వెళ్లయ్యతేవన్‌గా జెమినీ గణేశన్, వెళ్లయ్యమ్మగా పద్మిని, జాక్సను దొరగా సి. ఆర్. పార్థిబన్, బానర్మను దొరగా జావర్ సీతారామన్, ఎట్టప్పన్‌గా వి. కె. రామస్వామి నటించిరి. వరలక్ష్మి మన తెలుగు నటియే. ఈ చిత్రము తెలుగు మాటలతో ‘వీరపాండ్య కట్టబ్రహ్మన’ అను పేర ఆంధ్రదేశమునను ఆడినది. 1960లో కైరో నగరమున జరిగిన ఆసియా ఆఫ్రికా చలనచిత్రోత్సవమున శివాజీ గణేశన్ ఉత్తమ నటుడుగా బహుమతి నందెను. 2015లో చిత్రమును సంస్కరించి మరల థియేటర్లకు తెచ్చిరి. ఇట్లు తాతలు చూచినదానినే మనుమలును చూచుచున్నారు.

ఇచట ఒక విశేషము తెలిసికొనదగినది. శివాజీ గణేశన్ బాల్యమున కట్టబొమ్మన్ కథను వీథికూత్తుగా చూచి, తానును నటుడు కావలయునని నిశ్చయించుకొనెను. ఆ కూత్తును కంబళత్తార్ కూత్తు అందురు. కంబళత్తారనగా రాజకంబళ నాయకులు; ఇంటిలో తెలుగు మాటలాడు జనము. కావున ఈ కథ చిత్రశాలకు పోవుటకు ఎంతో ముందే మన ఊళ్ల మైదానములలో రాత్రులు తెల్లవార్లు ఆడబడుచుండెను.

2. ప్రేక్షకులు ప్రేమించిన పాత్ర

కట్టబొమ్మన్ పాత్రయందు ప్రేక్షకులకు గల ప్రేమను వర్ణింప నవసరము లేదు. ఈ దేశమున ఏ బడి వార్షికోత్సవమునకు పోయినను, కాగితపు కిరీటము ధరించి ఆ దృశ్యమును అభినయించు బాలుడు ఒక్కడైనను కనబడును. కలెక్టరు పన్ను అడుగుట, కట్టబొమ్మన్ ‘ఏల ఇయ్యవలయును?’ అని ఎదురు తిరుగుట, ఇదియే చిత్రమునకు గుండెకాయ. చూచువారందరికి అట్టి అనుభవ మొకటి ఉండును. కచేరి బల్ల ముందు చేతులు కట్టుకొని నిలుచుండి, అధికారి తల యెత్తి చూచువరకు వేచియుండనివారు మనలో ఎవరు? తాము అనదలచి అనలేకపోయిన మాటలను తెరమీద మరియొకడు గొంతెత్తి అనుచున్నపుడు జనులు చప్పట్లు కొట్టుటలో వింత లేదు.

చరిత్రలో ఆ దృశ్యము ఎట్లు జరిగెనో చూతము. 1792లో ఆర్కాటు నవాబుతో చేసికొన్న ఒడంబడికచేత పాళెగాండ్ర నుండి కప్పము వసూలు చేయు అధికారము ఈస్టిండియా కంపెనీకి వచ్చెను. 1798 నాటికి పాంచాలంకురిచ్చి పాళెము చెల్లింపవలసిన బాకీ 3310 వరహాలని కంపెనీవారి లెక్క. కలెక్టరు జాక్సను తన్ను వచ్చి చూడుమని కట్టబొమ్మన్‌కు ఆజ్ఞ పంపి, తాను ఊరూరు తిరుగుచు, అతనిని వెంట త్రిప్పుకొనెను. ఆ త్రోవలో మన విరుదునగరము జిల్లాలోని శ్రీవిల్లిపుత్తూరును గలదు. చిట్టచివరకు 1798 సెప్టెంబరులో రామనాథపురమున దర్శన మిచ్చెను. లెక్కలు సరిచూడగా, బాకీలో చాల భాగము చెల్లిపోయి, 1080 వరహాలు మాత్రమే మిగిలియుండెను. అయినను కట్టబొమ్మన్‌ను, అతని మంత్రియగు శివసుబ్రహ్మణ్య పిళ్లను కలెక్టరు తన యెదుట మూడు గంటలు నిలువబెట్టెను. బంధింప యత్నించినపుడు కలహము జరిగి, క్లార్కు అను సైనికాధికారి మరణించెను. కట్టబొమ్మన్ తప్పించుకొనెను, పిళ్ల పట్టుబడెను.

విద్యార్థులారా, ఇచట రెండు విషయములు గమనింపుడు. మొదటిది, చిత్రములోని గంభీర సంభాషణము రచయిత చేసిన కల్పన. నిజముగ జరిగినది మూడు గంటల నిలుపుడు. తెరమీద మూడు గంటలు మౌనముగ నిలుచుండినచో ఎవరు చూచెదరు? కనుక రచయిత ఆ మౌనములోని అవమానమును మాటలుగా మార్చెను. ఇది నాటకకర్తకు గల హక్కు. కాని ఆ మాటలే చరిత్ర యని మనము తలపరాదు.

రెండవది, జాక్సను పాత్రను చూచిన ప్రేక్షకులు ‘తెల్లవారందరు ఇట్టివారే’ అని యనుకొందురు. అయితే కట్టబొమ్మన్ మద్రాసునకు మొర పెట్టుకొనగా, కంపెనీ ప్రభుత్వము బ్రౌన్, ఓరమ్, కాసమేజర్ అను మువ్వురితో విచారణ సంఘము నేర్పరచెను. ఆ సంఘము కట్టబొమ్మన్‌పై తిరుగుబాటు నేరము లేదని తేల్చెను. శివసుబ్రహ్మణ్య పిళ్ల విడుదల పొందెను. జాక్సను ఉద్యోగమునుండి తొలగింపబడెను. అతని స్థానమున లషింగ్టన్ వచ్చెను. అనగా ఆ కలెక్టరును అతని కచేరివారే తప్పుపట్టిరి. ఈ సంగతి చప్పట్లు కొట్టువారిలో ఎందరికి తెలియును? కంపెనీ మంచిదని చెప్పుట మా యుద్దేశము కాదు. మరుసటి సంవత్సరమే ఆ కంపెనీయే సైన్యమును పంపినది. ఒక కచేరిలో కూర్చున్నవారందరు ఒకే మనుష్యుడు కాదని మాత్రము తెలిసికొనవలయును.

3. ఒకే పాత్రకు రెండు తీర్పులు

కట్టబొమ్మన్‌ను అందరు మెచ్చుకొనిరని అనుకొనుటయు సరికాదు. మ. పొ. శివజ్ఞానముగారు ఆయన చరిత్రను వ్రాసి, స్వాతంత్ర్య వీరుడని స్థాపించిరి. చిత్రమునకు కావలసిన చరిత్ర పరిశోధనకును ఆయనయే పెద్ద. తమిళవాణన్ అను రచయిత దీనికి విరుద్ధముగ, కట్టబొమ్మన్ కొల్లగాడని ఒక గ్రంథమే వ్రాసెను. 1881లో తిరునెల్వేలి చరిత్రను ప్రకటించిన కాల్డ్‌వెల్ మతాచార్యుడును, పాంచాలంకురిచ్చివారు ఇరుగుపొరుగు గ్రామములను బాధించిరను కంపెనీ వ్రాతలను చేర్చెను. ఆ వ్రాతలు శత్రువులు వ్రాసికొన్నవి. వానిని అట్లే నమ్మరాదు. వీరుని పొగడినవి అభిమానులు వ్రాసినవి. వానిని కూడ అట్లే నమ్మరాదు. రెంటిని ప్రక్క ప్రక్కన పెట్టుకొని చదువుటయే చదువు.

ఇంకొక మాట. చిత్రము విడుదలయైన 1959 మే నెలలోనే కణ్ణదాసన్ ‘శివగంగై సీమై’ అను చిత్రమును నిర్మించి విడుదల చేసెను. అది మరుదు సోదరుల కథ. ఒకే నెలలో ఒకే కాలపు వీరులను గూర్చిన రెండు చిత్రములు వచ్చినను, జనుల హృదయము ఒకదానిని పట్టుకొనెను, రెండవది వెనుకబడెను. వీరత్వమును కొలిచి చూచి ప్రేక్షకు లీ తీర్పు నిచ్చిరా? కాదు. నటుని కంఠము, సంభాషణల బిగువు, రంగుల శోభ ఆ తీర్పును నిర్ణయించినవి. మరుదు సోదరులు 1801 అక్టోబరు 24న ఉరికంబ మెక్కిరి. వారి త్యాగము తక్కువయైనది కాదు.

4. ప్రేక్షకులు ద్వేషించిన పాత్ర

ఇప్పుడు మన అసలు విషయమునకు వత్తము. తమిళమున ‘ఎట్టప్పన్’ అనగా ద్రోహియని యర్థమైనది. రాజకీయ సభలలో, పత్రికలలో, బడి మైదానములో ఈ మాట వినబడును. మేము ఆంధ్రదేశమున శిక్షణ పొంది ఇచటికి వచ్చిన క్రొత్తలో ఈ మాటను సామాన్య నామమనియే తలచితిమి. అది యొక వంశము పేరని, ఆ వంశపు ఊరు కోవిల్పట్టికి తూర్పున బస్సులో కొంచెము సేపటి దూరముననే యున్నదని పిమ్మట తెలిసెను.

ఎట్టప్పన్ అనునది ఒక వ్యక్తి పేరు కాదు. ఎట్టయాపురము పాళెగాండ్రందరు తరతరములుగా ధరించిన బిరుదు. ‘ఎట్టు’ అనగా ఎనిమిది. విజయనగర రాజుల కాలమున ఈ వంశపు పూర్వికు డొకడు మల్లయోధు నొకనిని చంపి, దిక్కులేనివారైన అతని తమ్ములు ఎనమండుగురిని తానే తండ్రియై పోషించెననియు, అందుచేత ‘ఎనమండుగురి తండ్రి’ అను పేరు కలిగెననియు వంశకథ చెప్పును. వారు చంద్రగిరి ప్రాంతమునుండి దక్షిణమునకు వచ్చిరనియు ఆ కథలోనే యున్నది. అనాథలను సాకినవానికి ఇచ్చిన పేరు నేడు ద్రోహికి పేరైనది! మాటల బ్రతుకులును మనుష్యుల బ్రతుకులవలె చిత్రమైనవి.

ఇక 1799వ సంవత్సరపు సంగతి. సెప్టెంబరు 5న మేజర్ బానర్మను పాంచాలంకురిచ్చి కోటను ముట్టడించెను. ఎట్టయాపురపు పాళెగాడు కంపెనీ పక్షమున నిలిచి తన బలగములను పంపెను. ఇది సత్యము, దీనిని దాచరాదు. ఆ రెండు పాళెములకు ఎల్లల తగవులు మునుపటినుండియు నుండెను. పొరుగువాని మీది పగ, దూరదేశపువాని బలమునకు ద్వారము తెరచెను. యుద్ధానంతరము పాంచాలంకురిచ్చి భూములలో కొంత ఎట్టయాపురమునకు దక్కెను. కావున నింద నిరాధారమైనది కాదు.

కాని నింద ఎట్లు పంచబడినదో చూడుడు. కోట విడిచిన కట్టబొమ్మన్ ఉత్తరముగ పోయి, పుదుక్కోట్ట సంస్థానములోని అడవులలో దాగెను. అతనిని పట్టి కంపెనీకి అప్పగించినవారు పుదుక్కోట్ట తొండమాను రాజుగారి మనుష్యులు. 1799 అక్టోబరు 16న కయత్తారున బానర్మను విచారణ జరిపి అతనిని ఉరితీయించినపుడు, పాళెగాండ్రను అచటికి రప్పించి, వారి కన్నుల యెదుటనే ఆ పని చేయించెను. వారిలో నోరు మెదపినవా డొకడును లేడు. ఇందరు కలసి చేసిన కార్యమునకు, ఊరకుండిన కార్యమునకును, అపకీర్తి మాత్రము ఒకే యింటిపేరున నిలిచినది. ఏల? కథకు ఒక వీరుడు చాలడు. ఒక ద్రోహియు కావలయును. పది మందిని గుర్తుంచుకొనుటకంటె ఒకనిని ద్వేషించుట సులభము. జానపద కథ ఆ పనిని మొదలుపెట్టెను. తెర దానిని ఇంటింటికి చేర్చెను.

నటుడు వి. కె. రామస్వామి తన పనిని చక్కగ చేసెను. ప్రేక్షకుడు ఆ పాత్రను అసహ్యించుకొనుట నటుని విజయమే. కాని ఆ యసహ్యము తెర మీదనుండి దిగి, అన్నపు డబ్బా ముందు పెట్టుకొని కూర్చున్న పసివానిమీద పడినపుడు అది ఎవరి విజయము?

5. బొబ్బిలి కథలో ఇదే సంగతి

ఇట్టిది తమిళ దేశముననే కలదని తలపకుడు. ఆంధ్రదేశమున 1757 జనవరి 24న బొబ్బిలి యుద్ధము జరిగెను. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులతో వచ్చెను. అతనికి తోడుగా నిలిచినవాడు విజయనగరము ప్రభువు పూసపాటి విజయరామరాజు. కోటలో స్త్రీలు, పిల్లలు సహితము ప్రాణములు విడిచిరి. పిమ్మట తాండ్ర పాపారాయుడు విజయరామరాజును అతని గుడారముననే చంపెను. బుర్రకథకులు ఈ కథను ఊరూర పాడిరి. 1964లో ‘బొబ్బిలి యుద్ధం’ చిత్రమును వచ్చెను. అందు రాజనాల విజయరామరాజు వేషము ధరింపగా జనులు పండ్లు కొరికిరి.

రెండు కథలను పోల్చి చూడుడు. ఇచట పాంచాలంకురిచ్చి, అచట బొబ్బిలి. ఇచట ఎట్టయాపురము, అచట విజయనగరము. ఇచట కంపెనీ, అచట ఫ్రెంచివారు. పొరుగువాని పగను పరదేశి వాడుకొనుట రెంటను ఒకటే. అయినను తెలుగులో ‘విజయనగరమువాడు’ అనుట తిట్టు కాలేదు. ఏలయన, ఆ ఊరి పేరు వినగానే తెలుగువానికి 1892లో మొదట ప్రదర్శింపబడిన ‘కన్యాశుల్కము’ను వ్రాసిన గురజాడ అప్పారావుగారు స్ఫురింతురు, 1919లో వెలసిన సంగీత కళాశాలయు, దానికి మొదటి అధ్యక్షులైన ఆదిభట్ల నారాయణదాసుగారును స్ఫురింతురు. ఒక ఊరిని ఒక యుద్ధముతోనే కొలువరాదని తెలుగువారు తెలియకయే నేర్చుకొనిరి.

6. ఎట్టయాపురము మనకిచ్చినవి

ఆ కొలతనే ఎట్టయాపురమునకును వేసి చూతము.

మహాకవి సుబ్రహ్మణ్య భారతి 1882 డిసెంబరు 11న అచటనే జన్మించెను. ఆయన తండ్రి సంస్థానమున కొలువుండెను. పదునొకండేండ్ల ప్రాయమున బాలుని కవిత్వమును విని ‘భారతి’ యను బిరుదు నిచ్చినది ఆ యాస్థాన పండితులే. దేశమునకు స్వాతంత్ర్య గీతములను పాడిన నోటికి మొదట చప్పట్లు కొట్టిన ఊరు ద్రోహుల ఊరెట్లగును?

సంగీత త్రిమూర్తులలో నొకరైన ముత్తుస్వామి దీక్షితులు 1835లో ఎట్టయాపురముననే దేహము చాలించిరి. ఆయన సమాధి నేటికిని అచట గలదు. ఆయన తమ్ముడు బాలస్వామి దీక్షితులు ఆ సంస్థాన విద్వాంసుడు. సీరాప్పురాణమును రచించిన ఉమరుప్పులవరు సమాధియు ఆ ఊరనే యున్నది.

అన్నిటికంటె మన తెలుగు పిల్లలు గుర్తుంచుకొనవలసినది మరియొకటి. కర్ణాటక సంగీతమునకు ఆధారములలో మేటియగు ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని సుబ్బరామ దీక్షితులు 1904లో తెలుగు లిపిలో ఎట్టయాపురముననే అచ్చు వేయించి ప్రకటించిరి. ముత్తుస్వామి దీక్షితుల కృతులను స్వరములతో, గమకముల గుర్తులతో కూర్చిన మహాగ్రంథ మది. నేటికిని సంగీత విద్వాంసులు ఆ గ్రంథమును చదువుటకై తెలుగు అక్షరములు నేర్చుకొనుట గలదు. కోవిల్పట్టి ప్రక్క పల్లెటూరిలో తెలుగు అచ్చక్షరములు కూర్చి, అంత గ్రంథమును వెలువరించినవారి పోషణ ఎట్టయాపుర సంస్థానముదే.

7. మన ఇంటి మాట

తలిదండ్రులారా, ఇపుడు మీతో ఒక మాట. కట్టబొమ్మన్ వంశమువారి ఇంటి భాష తెలుగు. ‘గెట్టిబొమ్ము’ అను తెలుగు పేరే తమిళమున కట్టబొమ్మన్ అయ్యెనని పరంపరగా చెప్పుదురు. జక్కమ్మ వారి ఇలవేలుపు. చిత్రములో ఈ జాడ వినబడదు; అచట అందరు నిర్దుష్టమైన తమిళము మాటలాడుదురు. అందుచేత మన పిల్లలు కొందరు ‘కట్టబొమ్మన్ మనవాడే’ అని ఇంటిలో గర్వముతో చెప్పుకొందురు. మంచిదే. కాని ఎట్టప్ప నాయకులును ఆ రాజకంబళమువారే; వారి ఇంటి భాషయు తెలుగే. కీర్తిని మాత్రము ‘మాది’ అని తీసికొని, అపకీర్తిని ‘వారిది’ అని త్రోసివేయుట న్యాయము కాదు.

మరియొక వింతయు గలదు. కట్టబొమ్మన్‌ను తమిళ వీరునిగా నిలబెట్టిన మ. పొ. శివజ్ఞానముగారు, మద్రాసు నగరమును గూర్చియు, తిరుత్తణిని గూర్చియు తెలుగువారితో గట్టిగ పోరాడిన నాయకుడు. ఆ పోరాటఫలముగ తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రమున చేరెను. తెలుగువారితో ఎల్లలకై వాదించిన పెద్దమనిషియే, ఇంట తెలుగు మాటలాడిన పాళెగానికి తమిళ దేశమున గుడి కట్టినంత పని చేసెను. ఇందులో మనకు కోపము తెచ్చుకొనవలసినది లేదు. వీరుడు ఏ భాషవాడైనను, ప్రేమించినవారందరికి చెందును. రెండు భాషల నడుమ పెరుగు మన పిల్లలకు ఇది తెలిసినచో, ఎవరి ఎదుటను తల దించుకొనరు. ఎవరి తలను దించరు.

మరునాడు ఆ బాలుడు మా యొద్దకు వచ్చి మెల్లగ ఒక సంగతి చెప్పెను. వాని తాత బస్సులో ఎవరైన ‘మీదే ఊరు?’ అని యడిగినచో, ‘కోవిల్పట్టి దగ్గర’ అని మాత్రము చెప్పునట. ఊరి పేరు చెప్పడట. భారతి పుట్టిన ఊరు, దీక్షితులు కన్నుమూసిన ఊరు తన దైయుండగా, ఒక వృద్ధుడు దానిని దాచుకొనవలసివచ్చెను. ప్రేక్షకుల తీర్పు ఎంత దూరము పోవునో ఇంతకంటె వేరు దృష్టాంత మక్కరలేదు.

8. చూచునపుడు పాటింపవలసిన నియమములు

చరిత్రాత్మక చిత్రములను, టెలివిజను ధారావాహికలను చూడవలదని మేము చెప్పుట లేదు. చూడుడు; కన్నీరు కార్చుడు; చప్పట్లును కొట్టుడు. కాని చూచిన పిమ్మట ఈ నాలుగు ప్రశ్నలు వేసికొనుడు.

ఒకటి: ఈ పాత్ర ఆడిన మాటలు చరిత్రలోనివా, రచయిత కూర్చినవా?

రెండు: ఈ కథను చెప్పినది ఎవరి పక్షము? ఎదిరి పక్షమువారు చెప్పినచో ఎట్లుండును?

మూడు: నింద అంతయు ఒకనిమీదనే పడినదా? తక్కినవారు ఏమైరి?

నాలుగు: నా కోపము పాత్ర మీదనా, నటుని మీదనా, లేక నేడు బ్రతికియున్న ఒక ఊరివారి మీదనా?

చివరి ప్రశ్న అన్నిటికంటె ముఖ్యము. కార్యమును నిందింపవచ్చును, పేరును నిందింపరాదు. 1799లో చేసిన తప్పునకు నేటి బాలుడు జవాబుదారి కాడు.

శత్రువును గూర్చియైనను ధర్మముగ తీర్పు చెప్పవచ్చుననుటకు ఒక దృష్టాంతముతో ముగింతుము. కట్టబొమ్మన్ తమ్ముడు ఊమైదురై 1801 ఫిబ్రవరిలో పాళయంకోట చెరనుండి తప్పించుకొని, పాంచాలంకురిచ్చి కోటను దినముల వ్యవధిలో మరల లేపెను. ఆ కోట మీదికి పోయిన కంపెనీ సైన్యములో జేమ్స్ వెల్ష్ అను ఆంగ్ల సైనికాధికారి యుండెను. 1830లో ప్రకటించిన తన జ్ఞాపకముల గ్రంథమున అతడు, తాము ఉరితీసిన ఆ మూగ వీరుని ధైర్యమును, జనులకు అతనియందు గల భక్తిని మనసార కొనియాడెను. కత్తి దూసి యెదుట నిలిచినవానికే అంత న్యాయబుద్ధి కలుగగా, చాపమీద కూర్చుండి చిత్రము చూచు మనకు కలుగరాదా?

తరగతిలో ఆ మాట మరల వినబడలేదు. వినబడకుండుటకు కారణము మా దండనము కాదు. మేము ఎవరిని దండింపలేదు. తిట్టిన బాలుడే మరుసటి వారము వచ్చి, “అయ్యా, దీక్షితులవారి సమాధి ఏ వీథిలో నున్నది?” అని యడిగెను. “నీ ప్రక్కన కూర్చున్నవానిని అడుగుము. అది వాని ఊరు” అని చెప్పి పంపితిమి.

అభ్యాసము

1. కట్టబొమ్మన్ జాక్సనును కలిసిన ఘట్టమును చిత్రమున ఎట్లు చూపిరో, చరిత్రలో ఎట్లు జరిగెనో పోల్చి పది వాక్యములు వ్రాయుడు.

2. విచారణ సంఘము ఇచ్చిన తీర్పు ఏమి? దాని ఫలితము లేవి?

3. ‘ఎట్టప్పన్’ అను పేరు పుట్టిన కథను మీ మాటలలో చెప్పుడు.

4. బొబ్బిలి కథకును పాంచాలంకురిచ్చి కథకును గల పోలికలను, భేదములను పట్టికగా వ్రాయుడు.

5. ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తెలుగువారికి ఏల గర్వకారణము?

6. మీ తాతగారినో అమ్మమ్మగారినో అడిగి, వారు చిన్ననాట చూచిన కూత్తులోగాని చిత్రములోగాని తమకు మిక్కిలి కోపము తెప్పించిన పాత్ర ఏదో, ఆ కోపము ఇప్పటికి మారినదో లేదో తెలిసికొని, వారు చెప్పినది చెప్పినట్లు తెలుగులో వ్రాసి తీసికొని రండు.